నీళ్లు వచ్చినయ్, తెడ్డు ఎప్పుడు?

పారిస్ పారాలింపిక్స్ అనగానే మన హాస్టల్లో అందరికీ గుర్తొచ్చే పేరు దీప్తి జీవాంజి. వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి, 400 మీటర్ల పరుగులో కాంస్యం. ఆ రోజు మన వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆమె ఫొటోలే. అవి అట్ల ఉండాల్సిందే కూడా. 2024లో అదే పారిస్‌కు ఇంకో తెలుగు మనిషి కూడా పోయాడు. పేరు కొంగనపల్లె నారాయణ. ఆయన పడవ ఎనిమిదో స్థానంలో వచ్చింది. ఆయన గురించి ఒక్క స్టేటస్ కూడా నాకు కనబడలేదు.

ఈ వ్యాసం ఆ ఎనిమిదో స్థానం గురించి. "ఎనిమిదో ప్లేస్ గురించి రెండు వేల మాటలు ఏం రాస్తవ్‌రా?" అని నా రూమ్మేట్ అడిగిండు. చదివినంక చెప్పురా అన్న.

నారాయణది ఆంధ్రప్రదేశ్. ఆర్మీలో సిపాయి. 2015లో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు పోయింది. ఆ తర్వాత పుణెలో, ఆర్మీ పారా క్రీడాకారులకు శిక్షణ ఇచ్చే చోట, రోయింగ్ మొదలుపెట్టాడు. 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో అనితతో కలిసి పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో వెండి పతకం తెచ్చాడు. 2024 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని చుంగ్జులో జరిగిన క్వాలిఫయింగ్ పోటీల్లో ఇద్దరూ కలిసి పారిస్‌కు బెర్తు సంపాదించారు. పారాలింపిక్స్‌లో మన దేశం రోయింగ్‌లో దిగడం అదే మొదటిసారి. అంటే మన దేశం తరఫున ఆ ఆటలో మొట్టమొదట తెడ్డు వేసిన ఇద్దరిలో ఒకరు తెలుగాయన. మనకు తెలియకుండానే మన చరిత్రలో ఒక పేజీ పడిపోయింది.

ఇంజనీరింగ్ చదివేటోళ్లం కాబట్టి ఆ ఎనిమిదో స్థానం బరువెంతో లెక్క గట్టి చూద్దాం.

రేసు పొడవు 2000 మీటర్లు. ఆ పోటీలో మంచి పడవలు దాదాపు ఎనిమిది నిమిషాల్లో, అటూ ఇటుగా, గీత దాటుతాయి. అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు, గంటకు 15 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ సెకండ్ ఇయర్లో రాసి మర్చిపోయిన ముక్కే ఇది. వేగం 10 శాతం పెంచాలంటే ఒంట్లోంచి 33 శాతం ఎక్కువ పవర్ తీయాలి. ఆఖరి స్థానంలో వచ్చినోడికీ మొదటి స్థానంలో వచ్చినోడికీ టీవీలో కొద్ది మీటర్ల తేడానే కనిపిస్తుంది. ఒంటికి తెలిసే తేడా మాత్రం కొండంత.

ఇంకో సంగతి. రోయింగ్ చేతుల ఆట అనుకుంటాం. కాదు. సీటు కింద పట్టాలు ఉంటాయి, సీటు ముందుకూ వెనక్కూ జారుతుంది. రోవర్ మోకాళ్లు ముడుచుకుని ముందుకొచ్చి, తెడ్డు నీళ్లల్లో వేసి, కాళ్లతో ఫుట్‌బోర్డును బలంగా తన్ని వెనక్కి పోతాడు. బలంలో పెద్ద వాటా తొడలది. తర్వాత నడుము, ఆఖరికి చేతులు. మరి కాలు పోయిన మనిషి సంగతి? కృత్రిమ కాలికి మనలాగ వంగే చీలమండ ఉండదు. చీలమండ వంగకపోతే పూర్తిగా ముందుకు ముడుచుకోవడం కష్టం. ముడుచుకోకపోతే స్ట్రోక్ పొడవు తగ్గుతుంది. ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ తన్నితే నడుము మెలి తిరుగుతుంది. దాన్ని సర్దుకుంటూ, ముందో వెనుకో కూర్చున్న భాగస్వామి లయ తప్పకుండా, ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల ప్రపంచ స్థాయి పోటీలో ఎనిమిదో స్థానం. ఇది చిన్న సంగతి అనేటోళ్లు ఒక్కసారి మన జిమ్‌లో లెగ్ ప్రెస్ ఒంటి కాలితో ఎనిమిది నిమిషాలు ఆపకుండా చేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఇక నా అసలు పాయింట్‌కి వస్తా. నారాయణ చేతికి తెడ్డు ఎక్కడ దొరికింది? ఊర్లో కాదు, బడిలో కాదు, కాలేజీలో కాదు. ఆర్మీలో. అది కూడా కాలు పోయినంక.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. దత్తు బబన్ భోకనల్ పేరు కొందరు విని ఉంటారు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, చాంద్‌వడ్ తాలూకా, తళేగావ్ రోహి. కరువు ఊరు. తండ్రితో పాటు బావులు తవ్వే కూలి పని చేశాడు. తండ్రి పోయాక 2012లో ఆర్మీలో చేరాడు. నీళ్లంటే భయం ఉన్న పిల్లగాడు అక్కడ పడవ ఎక్కాడు. నాలుగేళ్లు తిరగకుండా 2016 రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో మన దేశం తరఫున దిగి 13వ స్థానంలో నిలిచాడు. ఆ ఒలింపిక్స్‌కు అర్హత సాధించే రోజుల్లో వాళ్లమ్మ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురి పడవలో బంగారం గెలిచాడు.

దత్తు కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరు యాదికొచ్చింది. మాది వీర్నపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లా. చుట్టూ గుట్టలు, అడవి, తండాలు. మా చిన్నతనంలో ఎండాకాలం అంటే బోర్లు ఎండుడు, ట్యాంకర్ కోసం బిందెల లైను. మా కాక దుబాయి పోకముందు బావి పనికి పోయెటోడు. ఇరవై గజాలు, ముప్పై గజాలు దిగి రాయి పగలగొట్టుడు, మట్టి పైకి పంపుడు. నీళ్లు పడితే రైతు పండుగ చేసుకునేది, పడకపోతే అందరూ సప్పుడు జేయక ఇంటికొచ్చేది. దత్తు తవ్వినవి కూడా అట్లాంటి బావులే. బావి తవ్వినోని భుజాల్లో, నడుములో ఎంత బలం ఉంటదో నేను కండ్లార చూసిన. ఆ బలాన్ని కొలిచే కోచ్ ఎవరూ మా ఊరికి రాలేదు. మా కాక బలం ఎడారిలో షట్టరింగ్ పనికి పోయింది.

మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో రోయింగ్ చేసినవాళ్ల లిస్టు తీసి చూడండి. 2000 సిడ్నీలో కాసం ఖాన్, ఇందర్‌పాల్ సింగ్. 2008 బీజింగ్‌లో బజరంగ్ లాల్ తాఖర్. 2012 లండన్‌లో స్వర్ణ్ సింగ్. 2016లో దత్తు. టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్. వాళ్లు సాధించిన 11వ స్థానమే ఇప్పటిదాకా ఒలింపిక్ రోయింగ్‌లో మన అత్యుత్తమం. పారిస్‌లో బల్‌రాజ్ పన్వర్. దాదాపు అందరూ ఫౌజీలే. ఆర్మీని తప్పు పట్టడానికి ఈ మాట అనట్లేదు. వాళ్లు లేకపోతే ఈ లిస్టే ఉండేది కాదు, దండం పెట్టాలి. నా ప్రశ్న మిగతా మనందరికీ. ఒక ఊరి పిల్లగాడు తెడ్డు పట్టాలంటే ముందు తుపాకీ పట్టాల్సిందేనా? ఆ తోవ ఒక్కటే ఉన్నందుకు ఏం జరిగిందో కూడా చూడండి. పారిస్ 2024 దాకా మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో రోయింగ్ చేసిన ఆడపిల్ల ఒక్కరు కూడా లేరు. సిపాయి కొలువులు ఎన్నో ఏళ్లు మగవాళ్లవే కాబట్టి పడవలు కూడా వాళ్లవే అయినయ్. అనిత పారాలింపిక్స్‌లో కూర్చున్న సీటు విలువ అప్పుడు అర్థమవుతుంది.

"అమెచ్యూర్" అనే మాటకు ఒక పాత కథ ఉంది, మనలాంటోళ్లకు బాగా సరిపోతుంది. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది మీద హెన్లీ అనే ఊర్లో 1839 నుంచి పడవ పోటీలు జరుగుతున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్లు అమెచ్యూర్ అంటే ఎవరో రూలు రాసుకున్నారు. కూలి తీసుకుని పని చేసే మెకానిక్, చేతిపని చేసేవాడు, కూలోడు అమెచ్యూర్ కాడట. కష్టం చేసి ఒళ్లు గట్టిపడినోడితో పెద్దింటి పిల్లలు పోటీ పడలేరని ఆ రూలు. 1920లో అమెరికా నుంచి జాక్ కెల్లీ అనే రోవర్ ఎంట్రీ పంపితే తిప్పి పంపారు. ఆయన ఫిలడెల్ఫియాలో ఇటుకలు పేర్చిన మేస్త్రీ. ఆయన క్లబ్బు మీద అంతకుముందు నుంచే ఉన్న నిషేధం కూడా ఒక కారణమని చెబుతారు. కారణం ఏదైనా కెల్లీ ఆగలేదు. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు పోయి, హెన్లీలో గెలిచిన జాక్ బెరెస్‌ఫర్డ్‌నే సింగిల్ స్కల్స్ ఫైనల్లో ఓడించాడు. కాసేపటికే తన చుట్టం పాల్ కాస్టెల్లోతో డబుల్ స్కల్స్ కూడా గెలిచాడు. తర్వాత 1947లో ఆయన కొడుకు అదే హెన్లీలో అదే కప్పు గెలిచాడు.

ఆ రూలు ఇప్పుడు కాగితం మీద లేదు. మన దగ్గర అది కాగితం అవసరం లేకుండానే నడుస్తుంది. ఒక రేసింగ్ పడవ ఖరీదు, తెడ్ల ఖరీదు, కోచ్, నీళ్ల దగ్గరికి రోజూ పోయి రావడానికి బస్సు చార్జీ, పొద్దున మూడు గంటలు ప్రాక్టీస్ చేస్తే పోయే కూలి. ఇవన్నీ కలిపి చూస్తే సిరిసిల్లలో సాంచె నడిపే కార్మికుడి బిడ్డకు, తండాలో పత్తి ఏరే ఇంటి బిడ్డకు "నీకు కాదు" అని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. హెన్లీవాళ్లు కనీసం రాసి పెట్టారు.

ఇప్పుడు నీళ్ల సంగతికి వద్దాం. "మాది కరువు జిల్లా, రోయింగ్ మనకెందుకు?" అనే మాట పదేళ్ల కింద అయితే చెల్లేది. ఇప్పుడు చెల్లదు. మా దిక్కు నర్మాల దగ్గర ఎగువ మానేరు నిజాం కాలం నుంచే ఉంది. మన్వాడ దగ్గర మిడ్ మానేరు నిండింది, దాని సామర్థ్యం 27.5 టీఎంసీలు. కోనరావుపేట వైపు మల్కపేట రిజర్వాయర్ కట్టారు. 2000 మీటర్ల లైను గీయడానికి ఇంతకంటే నీళ్లు ఏం కావాలె? హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జాతీయ స్థాయి రోయింగ్ పోటీలు జరిగినయ్, అక్కడ పడవలు తిరుగుతయ్. కానీ ఆ నీళ్లకూ మా నీళ్లకూ మధ్య చాలా దూరం.

నా మాటకు ఎదురు మాటలు ఉన్నాయి. అన్నిటికంటే బలమైనది ముందు చెప్తా. మా క్లాసులో ఒక ఫ్రెండ్‌ది మిడ్ మానేరు ముంపు ఊరు. ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివి అతనన్నాడు: "మా ఇల్లు, మా గుడి, మా తాత సమాధి ఆ నీళ్ల కింద ఉన్నయ్. మీరు దాని మీద పడవల పోటీ పెడ్తరా?" ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని నటించను. కొదురుపాక, వరదవెల్లి లాంటి ఊళ్లు ఇచ్చిన త్యాగం మీదనే ఆ నీళ్లు నిలబడ్డయ్. అందుకే ఆ నీళ్ల మీద టూరిజం పేరుతో స్పీడ్ బోట్లు, రిసార్టులు వస్తే నేను కూడా అతని పక్కనే నిలబడతా. కానీ ఆ నీళ్ల మీద మొదటి హక్కు ఎవరిదని అడిగితే, ఊరు పోగొట్టుకున్న ఇంటి పిల్లలదే అంటాను. అక్కడ ఏ పడవ వచ్చినా మొదటి సీటు వాళ్లకు దక్కాలె. ఈ మాట విని అతను ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. "ఆ షరతు కూడా రాయి" అన్నాడు. రాసిన.

రెండోది, ప్రమాదం. ప్రతి ఎండాకాలం పేపర్లో వార్త వస్తది, చెరువుల ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిండ్రని. ఆ భయంతోనే మా అవ్వ నన్ను చెరువు కట్ట ఎక్కనిచ్చేది కాదు. నేను ఆ భయాన్ని తక్కువ చేయట్లేదు. అయితే భయం పిల్లల్ని ఆపలేదు, దొంగచాటుగా దిగేటట్టు చేసింది అంతే. నేర్పించేటోడు, లైఫ్ జాకెట్, ఒక తాడు, ఒక గట్టు మనిషి ఉంటే ఆ వార్తలు తగ్గుతయ్. కొత్తగా ఇన్ని నీళ్లు వచ్చిన జిల్లాలో పిల్లలకు ఈత రాకపోవడమే పెద్ద ప్రమాదం. రోయింగ్ తర్వాత సంగతి, ఈత ముందు.

మూడోది మన కాలేజీ మార్కు ప్రశ్న: "దీంతో ప్లేస్‌మెంట్ వస్తదా?" రాదు. సర్టిఫికెట్ కోసం, స్పోర్ట్స్ కోటా కోసం ఆడే ఆటలు మనకు ఎరుకే. వాటిని కూడా నేను తప్పు అనను, కూలి ఇంటోళ్లకు కోటా ఒక నిచ్చెన. కానీ ప్రతి పనికీ చివర ఒక ప్యాకేజీ ఉండాలనుకుంటే మనం లిటరరీ క్లబ్‌లో ఎందుకున్నట్టు? ఈ పత్రికలో కవిత రాసినందుకు ఎవరికి జాబ్ వచ్చింది? అయినా నెల నెలా రాస్తున్నాం. అమెచ్యూర్ అనే మాటకు మూలం లాటిన్‌లో ప్రేమించడం అనే అర్థమున్న మాట. ఇష్టంతో చేసేవాడు అమెచ్యూర్. ఆ ఇష్టం ఉన్నోళ్లకే మొత్తం ఖర్చు మోపి, గెలిస్తే మాత్రం "మనోడు" అనడం అన్యాయం అనేదే నా వాదన. ఇష్టం వాళ్లది కావచ్చు, పడవ మాత్రం ఊరు ఇవ్వాలె.

ఇంకో మాట. మా జిల్లాలో నీళ్లను అందరికంటే బాగా తెలిసినోళ్లు ఇప్పటికే ఉన్నారు. చెరువుల్లో, ప్రాజెక్టుల్లో చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజ్‌లు. తెప్ప మీద నిలబడి వల విసిరే మనిషికి బ్యాలెన్స్ గురించి ఏ కోచ్ కొత్తగా చెప్పాల్సింది లేదు. పొద్దున నాలుగింటికి నీళ్ల మీదికి పోయే అలవాటు వాళ్ల ఇళ్లల్లో తరాల నుంచి ఉన్నది. కేరళలో పాముపడవల పోటీలు ఊరి గౌరవం. మన దగ్గర నీళ్ల మీద బతికేటోని పనికి ఆ గౌరవం దొరకలేదు. రోయింగ్‌ను మొదలుపెట్టాల్సింది పెద్ద స్టేడియం కట్టి కాదు. మత్స్యకారుల సంఘాల పిల్లల్లో, తండాల పిల్లల్లో పదిమందికి ఈత నేర్పి, నాలుగు శిక్షణ పడవలు ఇచ్చి మొదలుపెట్టవచ్చు. అందులోంచి ఒలింపియన్ వస్తాడా అంటే ఏమో. మునిగిపోని పది మంది పిల్లలు మాత్రం తప్పకుండా వస్తారు.

మన కాలేజీ ఏం చేయగలదు? రెండు పనులు నాకు తోస్తున్నాయి.

ఒకటి, జిమ్‌లో ఒక రోయింగ్ మెషీన్. అది నీళ్లు లేకుండానే రోవర్ పని చేయించే యంత్రం. గొలుసు లాగితే ఫ్యాన్ లాంటి చక్రం తిరుగుతుంది, గాలి నిరోధంతో వాట్లు లెక్కగట్టి స్క్రీన్ మీద చూపిస్తుంది. ప్రపంచంలో రోవర్లను ఎంపిక చేసేటప్పుడు దాని మీద 2000 మీటర్ల టైమ్ చూస్తారు. మెకానికల్, ఈసీఈ వాళ్లు కలిస్తే అలాంటిది ఒకటి మనమే కట్టవచ్చు కూడా. సైకిల్ చక్రం, గొలుసు, జారే సీటుకు బేరింగులు, తిరిగే వేగం కొలవడానికి ఒక హాల్ సెన్సర్, ఒక మైక్రోకంట్రోలర్. ప్రతి ఏడాది నూరు మంది అదే ఆటోమేటిక్ స్ట్రీట్ లైట్ ప్రాజెక్టును మళ్లీ మళ్లీ చేస్తున్నాం. దానికంటే ఇది నయం కదా. అది పనిచేస్తే ఒకటి మా మండలం బడికి ఇద్దాం. బలం ఉన్న పిల్లలెవరో కనుక్కోవడానికి నీళ్లు కూడా అక్కర్లేదు, ఒక యంత్రం చాలు.

రెండు, మన స్పోర్ట్స్ డే లో పారా ఈవెంట్లు. మన క్యాంపస్‌లో వికలాంగుల కోటాలో సీటు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. స్పోర్ట్స్ డే నాడు వాళ్ల పని స్కోర్ రాయడం, నీళ్ల బాటిళ్లు అందించడం. నారాయణ కాలు పోయినంక అంతర్జాతీయ ఆటగాడు అయ్యాడంటే, ఎవరో ఒకరు ఆయన్ను "నువ్వు పక్కన కూర్చో" అనకుండా పడవ దగ్గరికి తీసుకుపోయారు కాబట్టే. మన దగ్గర ఆ తీసుకుపోయే మనిషి ఎవరు?

పతకం వచ్చినోళ్ల ఇంటికి అందరూ పోతారు. ఎనిమిదో స్థానంలో వచ్చినోడి ఇంటి ముందు ఎవరూ ఆగరు. ఒక దేశం ఆటల్లో ఎంత ఎదిగిందో పతకాల పట్టికలో తెలియదు. ఎనిమిదో స్థానం కోసం పోటీ పడే మనుషులు ఎంతమంది ఉన్నారో అందులో తెలుస్తుంది. వాళ్లు వందమంది ఉన్నచోటే పైనున్న ముగ్గురు పుడతారు. మనం ఆ ముగ్గురినే చూసి, ఆ వందమందిని వదిలేస్తే, బావి తవ్వే బలం అంతా దుబాయికే పోతుంది.

రోయింగ్ మెషీన్ కోసం, పారా ఈవెంట్ల కోసం పీడీ సార్‌కు ఒక అర్జీ రాసి లిటరరీ క్లబ్ రూమ్‌లో నోటీస్ బోర్డు పక్కన పెట్టిన. ఇప్పటికి పదకొండు సంతకాలు పడ్డయ్, అందులో ఒకటి మా ముంపు ఊరి ఫ్రెండ్‌ది. మెషీన్ కట్టే టీమ్‌కు ఒక వెల్డింగ్ వచ్చినోడు, ఒక కోడింగ్ వచ్చిన అమ్మాయి కావాలె. ఈ వ్యాసం నచ్చితే లైక్ వద్దు, వచ్చి సంతకం పెట్టండి. నచ్చకపోతే వచ్చే సంచికలో నా మీద రాయండి, దానికి కూడా రెడీ.